ఫిరాయింపుల చదరంగం: నియమాలు ఎలా సరిచేయాలి?

పెన్న ఒడ్డు (అనంతపురం జిల్లా):
అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. శాసనసభ ఎలా నడుస్తుందో పిల్లలకు ఆటలో తెలియాలని ఒక కొత్త చదరంగం అల్లుతున్నాను. రాజు ముఖ్యమంత్రి, ఎనిమిది బంట్లు ఎనిమిదిమంది శాసనసభ్యులు. ఇందులో ఆటకట్టు లేదు. తన వంతు వచ్చినప్పుడు ఎత్తు వేయడానికి బదులు ఎవరైనా అవిశ్వాస తీర్మానం పెట్టవచ్చు. అప్పుడు బంట్లను లెక్కించి, పెట్టినవారి బంట్లే ఎక్కువగా ఉంటే ఎదుటి రాజు పడిపోయినట్టే. జపాను వారి చదరంగమైన షోగిలో వలె, పట్టుబడిన బంటు పట్టినవారి పక్షాన మళ్లీ బల్లమీదికి దిగుతుంది. చిక్కు ఇక్కడే వచ్చింది. ఒక్క బంటు చేతులు మారగానే ఎనిమిదికి ఎనిమిది కాస్తా తొమ్మిదికి ఏడు అవుతోంది, మరుసటి వంతులోనే తీర్మానం నెగ్గుతోంది. మొదటి బంటును పట్టినవారిదే గెలుపైతే పిల్లలు నేర్చుకునేది ఏముంటుంది? పెద్దలు దారి చెప్పగలరు.

నల్లకోటు (కడప):
మాస్టారూ, మీ ఆటలో ఫిరాయించినవారికి శిక్ష లేదు, లోపం అదే. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విడిచిన సభ్యుడు సభ్యత్వమే కోల్పోతాడు, అనర్హతను తేల్చేది స్పీకరు. ఆ నిర్ణయానికి ఏళ్లు పడుతున్నాయని, అసాధారణ పరిస్థితులుంటే తప్ప మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్నే నియమంగా మార్చండి: పట్టుబడిన బంటు మూడు ఎత్తులపాటే అవతలి పక్షాన ఉండి, తరువాత బల్ల దిగిపోవాలి. మొదట్లో మూడింట ఒక వంతు సభ్యులు చీలితే అనర్హత ఉండేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటును తీసివేసింది. ఇప్పుడు మిగిలింది మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుని మరో పార్టీలో కలిసే విలీనం ఒక్కటే. ఎనిమిదిలో అది ఆరు బంట్ల లెక్క. ఆరు పట్టుబడితే వాటిని ఇక బల్లమీది నుంచి తీసేయనక్కరలేదు. పాత చట్టంతో ఆడాలనుకుంటే మూడు బంట్లు కలిసి వెళ్లినా చాలు. రెండు కాలాల ఆటలూ వేర్వేరుగా ఆడించండి, సవరణ ఎందుకు అవసరమైందో పిల్లలకే అర్థమవుతుంది.

బురుజు నీడ (కర్నూలు):
నల్లకోటు గారి సూచనతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే నెగ్గడానికి భారీ ఆధిక్యం కావాలనే నియమం మాత్రం పెట్టకండి. మా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నవంబరులో, మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఒక్క ఓటు బరువు మీ ఆటలోనూ ఉండాలి. నా సలహా నోటీసు గడువు. తీర్మానం పెట్టిన వెంటనే కాక, ఇరువురూ అయిదేసి ఎత్తులు వేశాక లెక్కించాలి. సమానమైతే తీర్మానం వీగినట్టే, పెట్టినవారు మరో పది ఎత్తుల వరకు నోటీసు ఇవ్వకూడదు.

పెన్న ఒడ్డు (అనంతపురం జిల్లా):
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న ఇంటి వసారాలో కడప బండమీద సుద్దముక్కతో గళ్లు గీసి ఆడించాను. ఫిరాయించిన బంటు పక్కన మూడు చింతగింజలు పెట్టి, ఎత్తుకొకటి చొప్పున తీస్తూ వచ్చాం. గింజలు అయిపోగానే బంటు బయటికి. నోటీసుకు ముందు పట్టిన బంటు లెక్కింపు నాటికి దిగిపోతోందని, గడువులో చివరి మూడు ఎత్తుల్లో పట్టినదే ఓటుగా పనికొస్తోందని పిల్లలు రెండో ఆటకే కనిపెట్టేశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నోటీసు అందగానే దాడి ఆపేసి గుర్రాన్నీ శకటునూ బంట్ల వెనక్కి తెచ్చుకుంది. ఆఖరి ఎత్తున ఒక బంటును కాపాడడానికి ఏనుగునే వదులుకుంది. లెక్కిస్తే ఏడుకు ఏడు, తీర్మానం వీగిపోయింది. మామూలు ఆటలో అందరికంటే ముందు బలిచ్చే బంటుకు అంత విలువ వస్తుందని నేను ఊహించలేదు. వచ్చే ఆదివారం మూడు బంట్ల చీలికతో పాత చట్టం ఆట ఆడిస్తాను. అందులో మూడో బంటు పట్టుబడేలోపు మొదటిదాని గింజలు అయిపోతే చీలిక చెల్లుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. నల్లకోటు గారు చెప్పగలరు.