హైదరాబాద్ నిజాంపేట నుంచి వైజాగ్ మధురవాడకి ఇంటి సామాను, ఎవరిని నమ్మి ఎక్కించాలి?

ప్రశ్న, నిజాంపేట నుంచి:

అందరికీ నమస్కారం. మా వారికి వైజాగ్ బదిలీ అయి రెండు నెలలైంది. జూన్ 12న బడులు తెరిచేలోపు నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య కూడా వెళ్లిపోవాలి, ఆషాఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించాలని అత్తయ్య పట్టుదల. రెండు బెడ్‌రూమ్‌ల సామాను. ఒక వెబ్‌సైట్‌లో ఫోన్ నంబర్ ఇచ్చాను, గంటలో పదకొండు మంది ఫోన్ చేశారు. ఒకతను 14 వేలు అంటాడు, ఒకరు 22, ఇంకొకరు 31. ఆ 14 వేలతను ఇల్లు చూడక్కర్లేదట, ఇప్పుడే 3 వేలు ఫోన్‌పే చేయాలట, రేపైతే రేటు మారిపోతుందట. సామానులో అత్తయ్య పెళ్లినాటి టేకు మంచం, ఇత్తడి బిందెలు ఉన్నాయి, వాటికి ఏమన్నా అయితే ఆవిడ తట్టుకోలేరు. మా వారికి రెండు రోజులు మించి సెలవు దొరకదు. నాకైతే ఒకటే టెన్షన్. మంచివాళ్లెవరో ముందే ఎలా తెలుస్తుంది?

బెంగళూరుకి మారినవాడిని:

మేడమ్, ముందు ఆ 3 వేలు పంపకండి. మూడేళ్ల క్రితం మియాపూర్ నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు నేనూ ఫోన్లోనే 18 వేలకి మాట్లాడుకున్నాను. బాగా పేరున్న కంపెనీకి దగ్గరగా ఉండే పేరు, బిల్లు పుస్తకం మీద బొమ్మ కూడా అలాగే ఉంది, అదే అనుకున్నా. సామాను ఎక్కించుకుని వెళ్లాక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, తర్వాత వేరే ఎవరో ఫోన్ చేసి చెప్పిన దానికన్నా పెట్టెలు ఎక్కువున్నాయి, ఇంకో 11 వేలు ఇస్తేనే లారీ కదులుతుంది అన్నాడు. మొదట మాట్లాడినవాడు ఉత్త కమిషన్ ఏజెంట్, లారీ ఇంకొకరిది, మధ్యలో గోడౌన్ మరొకరిది. తొమ్మిదో రోజు వచ్చింది సామాను, పాపకి పాలు కాచడానికి గిన్నె కూడా పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాం. అందుకని ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే అడగండి: లారీ మీదేనా, నా సామాను ఒక్కటే వెళ్తుందా, ఇంకొకరి సామానుతో కలిపి వేస్తారా? కలిపి వేస్తే చవక పడుతుంది, కానీ గోడౌన్లో దించి మళ్లీ ఎక్కిస్తారు, టేకు మంచం కాళ్లు అక్కడే విరుగుతాయి.

ఆటోనగర్ బుకింగ్ ఆఫీసు నుంచి:

నేను ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్‌లో పనిచేస్తాను కాబట్టి కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే గొడవ వచ్చినప్పుడు మీ చేతిలో మిగిలేది అవే. విజిటింగ్ కార్డు, కొటేషన్ కాదు, మీకు కావాల్సింది ఎల్ఆర్, అంటే లారీ రసీదు. దాని మీద లారీ నంబర్, కంపెనీ అడ్రస్, జీఎస్టీ నంబర్, మీ సామాను లిస్టు, కిరాయి ఎంత, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, అన్నీ ఉండాలి. జీఎస్టీ నంబర్‌ని జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే అసలు పేరు, అడ్రస్ వస్తాయి, మీకు చెప్పిన పేరు కాకపోతే అక్కడితో వదిలేయండి.

సామాను విలువ కూడా రాయించండి. విలువ రాయకపోతే కిరాయికి పది రెట్లు మించి వాళ్ల బాధ్యత ఉండదు, 2007 రోడ్డు రవాణా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధన అది. కోర్టుకి వెళ్లాలంటే ముందు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, చాలామంది ఫోన్లలో పోట్లాడుతూ ఆ గడువు దాటించేస్తారు. ఇన్సూరెన్స్ అని రెండు మూడు శాతం కలిపితే పాలసీ కాగితం మీ పేరు మీద చూపించమనండి. డబ్బు తీసుకుని పాలసీయే చేయించనివాళ్లు ఉన్నారు, ఇది నేను కళ్లారా చూశాను. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే కాగితం) అక్కర్లేదు, ఆ పేరుతో డబ్బులడిగితే ఇవ్వకండి.

జూన్ మొదటి వారంలో అందరూ బడుల కోసం, ఆషాఢం రాకముందే అని ఒకేసారి మారతారు, డీసీఎంలు (సామాను వేసే మధ్యరకం లారీలు) దొరకవు, కాబట్టి 31 వేలు మరీ ఎక్కువేం కాదు. 14 వేలకి మాత్రం 600 కిలోమీటర్ల పైన డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా, హమాలీలు, అట్టపెట్టెలు ఎలా గిట్టుతాయో మీరే లెక్కేయండి.

ఐదు ఇళ్లు మారినావిడ:

చెల్లీ, ఇంటికి వచ్చి బీరువా, అటక, బాల్కనీ అన్నీ చూసి రేటు చెప్పినవాళ్లకే ఇవ్వు. లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు, గేటు దాకా లారీ వస్తుందా, ఇవి రెండు ఇళ్లకీ ముందే చెప్పేసి వాట్సాప్‌లో రాయించుకో, లేదంటే దించేటప్పుడు హమాలీలు వేరే అడుగుతారు. డబ్బు సగం ఎక్కించాక, మిగతాది దించి లెక్క చూసుకున్నాకే. పెట్టెల మీద నంబర్లు వేసి ఫోటోలు తీసుకో. బంగారం, సర్టిఫికెట్లు, అత్తయ్యగారి మందులు మీతోనే ఉండాలి. ఫ్రిజ్ ముందు రోజే ఆపి ఐసు కరగనివ్వు, నిలబెట్టే తీసుకెళ్లమను. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ అయితే కొన్నప్పుడు ఇచ్చిన బోల్టులు వెతికి డ్రమ్ము కదలకుండా బిగించాలి. గ్యాస్ సిలిండర్ లారీలో వేయకూడదు, ఏజెన్సీలో అప్పగించి, కొత్త ఊళ్లో కనెక్షన్ కోసం ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకో. ఆవకాయ జాడీలు మాత్రం నువ్వే పట్టుకెళ్లు, ఒక్కటి పగిలితే నూనె పరుపుల దాకా పాకుతుంది.

నిజాంపేట నుంచి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఈరోజు ముగ్గురికీ ఫోన్ చేసి లారీ మీదేనా అని అడిగాను, 14 వేలతను ఫోన్ పెట్టేశాడు. 22 వేలవాళ్లు కలిపి వేస్తామని ఒప్పుకున్నారు. 31 వేలవాళ్లు లారీ మాదే అని నంబర్ పంపారు, ఆదివారం ఇల్లు చూడటానికి వస్తున్నారు, ఎల్ఆర్ మీద విలువ రాస్తామన్నారు, సగం దించాకే అన్నా సరే అన్నారు. అత్తయ్య మంచానికి చుట్టడానికి పాత బొంతలు తీసి పెట్టారు. ఒక్క సందేహం, మా వారి బైక్ కూడా అదే లారీలో వేయొచ్చా?

ఆటోనగర్ బుకింగ్ ఆఫీసు నుంచి:

వేయొచ్చు. పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులు డ్రైవర్ దగ్గర ఉండాలి, గీతలు ముందే ఉంటే ఫోటో తీసుకోండి. బండి తెలంగాణ రిజిస్ట్రేషన్ కదా, ఏడాది దాటి అక్కడే ఉంటే ఆంధ్రాలో మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి ఇక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. హైదరాబాద్‌లో ఉండగానే అప్లై చేసేయండి.