పాత కంప్యూటర్లు విప్పడానికి తక్కువ ధరలో ఏ బ్యాటరీ స్క్రూడ్రైవర్ కొనమంటారు?

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న స్క్రాప్ కొట్టు. పాత సీపీయూలు, యూపీఎస్‌లు, హార్డ్ డిస్కులు విప్పి రాగి, అల్యూమినియం, బోర్డులు వేరు చేస్తాం. చేత్తో తిప్పీ తిప్పీ సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది. బడ్జెట్ రూ.2,000 లోపు.

3.6 వోల్టుల బుల్లి మెషీన్ సరిపోతుందా, 12 వోల్టుల డ్రిల్ డ్రైవరే తీసుకోవాలా? క్యాబినెట్ స్టార్ స్క్రూలకు చిన్నది చాలనుకోండి, తుప్పు పట్టిన యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుల దగ్గరే నా అనుమానం. పెన్నులా సన్నగా ఉండేవి చూశాను, సెల్‌ఫోన్లకు తప్ప మాకు పనికిరావు. హార్డ్ డిస్కులకు టి6, టి8 బిట్లు (ఆరు కోణాల టోర్క్స్ స్క్రూలకు పట్టేవి) ఎలాగూ విడిగా కొనాలి. మా పనిలో స్క్రూ తల అరిగినా బాధ లేదు కాబట్టి, టార్క్ సెట్టింగ్‌కి, అంటే తిప్పే బలాన్ని తగ్గించి పెంచుకునే ఏర్పాటుకి, డబ్బు దండగేమో!

రోజంతా వాడేవాళ్లు ఏది మన్నుతుందో చెప్పండి. బ్యాటరీ పోతే బెజవాడలో మార్పించుకునే వీలున్నదైతే మరీ మంచిది.