దళారీకి డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకున్న దంపతులు నిందితులా, బాధితులా?

వరంగల్ చదువరి:

2024 మేలో రాచకొండ పోలీసులు పసిపిల్లలను అమ్మే ముఠాను పట్టుకుని, ఢిల్లీ, పుణే వైపు నుంచి తెచ్చి ఇక్కడ లక్షలకు అమ్మిన పిల్లలను ఆయా ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి శిశువిహార్‌లో చేర్చారు. పెంచుకుంటున్న దంపతుల్లో కొందరు హైకోర్టుకు, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళాక, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు నలుగురు పిల్లలను వారికే తిరిగి అప్పగించమంది. ఆ దంపతులు మోసపోయినవారేనని నా అభిప్రాయం. సంతానం కోసం ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో అలసిపోయిన మనుషులకు స్టాంపు పేపరు, నోటరీ ముద్ర చూపించి ఇదంతా చట్టబద్ధమేనని నమ్మబలికినవాణ్ణీ, నమ్మినవారినీ ఒకే కేసులో నిలబెట్టడం న్యాయమా?

గుంటూరు న్యాయవాది:

మీ ఆవేదన అర్థమైంది గానీ, మీ నిర్ణయంతో ఏకీభవించలేను. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 80వ సెక్షన్ పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినవారితో పాటు పుచ్చుకున్నవారికీ మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. 81వ సెక్షన్ ప్రకారం బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష జరిమానా ఉంటాయి. కొనేవారు లేనిదే అమ్మేవారు ఉండరన్న ఇంగితం మీదే ఈ సెక్షన్ నిలబడింది.

దళారీలు ఎక్కువగా వాడుకునేది 1956 నాటి హిందూ దత్తత చట్టాన్ని. బంధువుల మధ్య దత్తపత్రం రాసుకుని రిజిస్టరు చేయించుకోవడం మన ఊళ్ళలో మామూలే కనుక, తాము చూపించే కాగితమూ అలాంటిదేనని నమ్మిస్తారు. ఆ చట్టం ప్రకారం కన్న తల్లిదండ్రులే, లేదా కోర్టు అనుమతి పొందిన సంరక్షకులే, బిడ్డను దత్తతకు ఇవ్వాలి. ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరగకపోతే ఎన్ని సంతకాలున్నా ఆ దత్తత చెల్లదు. దత్తతకు ప్రతిఫలంగా డబ్బు తీసుకోవడాన్నీ ఇవ్వడాన్నీ 17వ సెక్షన్ నిషేధించింది. కన్నతల్లి ముఖం చూపించకుండా, ఆసుపత్రి వెనక గేటు దగ్గర ఆయా చేతుల మీదుగా బిడ్డనిచ్చి నగదు మాత్రమే అడిగే చోట, ‘మాకు తెలియదు’ అనే మాటను కోర్టు ఎంతవరకు నమ్మాలి?

విజయవాడ నుంచి ఒక దత్తత తల్లి:

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయితే ఆ దంపతులు దళారీ గుమ్మం దాకా ఎందుకు వెళ్తున్నారో ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదు.

మేము దేశంలో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్నాం. జిల్లా నుంచి సామాజిక కార్యకర్త వచ్చి మా ఇల్లు, జీతం కాగితాలు, మా అత్తగారి అభిప్రాయం అన్నీ రాసుకుని వెళ్ళారు. తర్వాత మిగిలింది ఎదురుచూపే. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్ళకు పైగా ఆగవలసి రావడం ఇప్పుడు సర్వసాధారణం. ఆ రోజుల్లోనే ఒకాయన ఫోను చేశాడు. చాలా మర్యాదగా, ‘అమ్మా, మీ సీనియారిటీ నంబరు ముందుకు జరిపిస్తాం, పైవాళ్ళకు కొంత ఇవ్వాల్సి ఉంటుంది’ అన్నాడు. వెయిటింగ్ లిస్టులో మన స్థానం వెబ్‌సైటులో మనకే కనిపిస్తుందని, ఫీజులు ఎంతెంతో నిబంధనల్లోనే రాసి ఉంటాయని, ప్రతి చెల్లింపుకూ రసీదు అడగవచ్చని ముందే తెలుసు కనుక ఫోను పెట్టేశాను. తెలియనివారు ఏం చేస్తారు? జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారే పేరు నమోదైన ప్రతి జంటను కూర్చోబెట్టి, మిమ్మల్ని ఇలా మోసం చేయబోతారని, వరుస దాటించే అధికారం ఏ మనిషికీ లేదని చెప్పాలి.

మోసం దత్తత పేరుతోనే జరగాలనీ లేదు. 2025 జూలైలో సికింద్రాబాదులో బయటపడిన కేసులో సరొగసీ (అద్దె గర్భం) పేరుతో 30 లక్షలకు పైగా తీసుకుని, ఒక పేద జంట దగ్గర కొన్న బిడ్డను ‘మీ బిడ్డే’ అని అప్పగించారని పోలీసులు చెప్పారు. డీఎన్ఏ పరీక్ష చేయించుకుని ఫిర్యాదు చేసిన ఆ దంపతులను కొనుగోలుదారులు అని ఎలా అంటాం?

గుంటూరు న్యాయవాది:

అనలేమమ్మా. వారికి చెప్పింది ఒకటి, ఇచ్చింది మరొకటి. అది మోసమే. నేను కఠినంగా ఉండమన్నది బిడ్డకు ధర కడుతున్నారని తెలిసే చెల్లించినవారి విషయంలో. ఆ తేడాను తేల్చేది దర్యాప్తు కనుక, అది తేలకముందే అందరినీ నిందితుల జాబితాలో చేర్చకూడదన్నంతవరకు వరంగల్ మిత్రుడితో ఏకీభవిస్తాను.

వరంగల్ చదువరి:

అయితే ఇప్పటికే ఇలాంటి కాగితంతో బిడ్డను పెంచుతూ, భయపడుతూ బతుకుతున్నవారు ఏం చేయాలి?

గుంటూరు న్యాయవాది:

అన్నిటికంటే ముందు, తామే కన్నట్టు జనన ధ్రువీకరణ పత్రం పుట్టించే పని మానుకోవాలి. చాలామంది అక్కడే రెండో నేరంలో ఇరుక్కుంటున్నారు. దళారీ ఫోను నంబరు, డబ్బు పంపిన వివరాలు, సంతకాలైన కాగితాలు ఏవీ చెరపకుండా దాచి, న్యాయవాదిని వెంటబెట్టుకుని తమంతట తామే జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్ళాలి. బిడ్డను కొంతకాలం శిశుగృహలో ఉంచమని సమితి ఆదేశించే అవకాశం ఉందని ముందే చెప్పి పంపుతాను, ఎందుకంటే అది దాచి పంపితే నేనూ వారిని మోసం చేసినట్టే. అయినా తామే వెళ్ళి చెప్పుకున్నవారి మాటకు, పోలీసులు తలుపు తట్టాక చెప్పినవారి మాటకంటే కోర్టులో ఎక్కువ బలం ఉంటుంది. దానివల్ల ఆ బిడ్డను కన్నతల్లి ఎక్కడైనా వెతుకుతూ ఉందేమో తెలుసుకునే వీలు కూడా కలుగుతుంది.