సమస్య: "నకలు లేక యసలు నడువదయ్య"

నిర్వాహకుడు:
ఆటవెలది. జిరాక్స్ షాపుల మీద పూరణలు ఇదివరకే బోలెడు వచ్చాయి, ఈసారి కణం లోపలికి వెళ్దాం. జన్యువు నుంచి ప్రోటీను తయారయ్యే దారిలో ఆర్ఎన్ఏ పని మీద పూరించండి.

గోదారిగట్టు:
కణము నడుమ దాగి కదలని పొత్తము
గడప దాటి రాదు, గరిటె పట్టు
వంటవాని కందు వార్తాహరుని చీటి;
నకలు లేక యసలు నడువదయ్య!

పొత్తం కేంద్రకంలోని డీఎన్ఏ, చీటీ దాని నుంచి రాసుకున్న నకలు ఎంఆర్ఎన్ఏ, వంటవాడు ఆ చీటీ చూసి ప్రోటీను తయారుచేసే రైబోజోమ్.

బయాలజీ టీచర్:
చీటీ బాగా పడిందండీ! కానీ బ్యాక్టీరియాకు కేంద్రకమే లేదు, ఇక గడపెక్కడిది? అక్కడ చీటీ రాస్తుండగానే రైబోజోములు ఎక్కి వంట మొదలెట్టేస్తాయి. ఇంకో మాట, వంటవాడూ పరాయివాడు కాదు. ప్రోటీను దండలో పూసలైన అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి అతికించే చోట రైబోజోములో ఉన్నది ఆర్ఎన్ఏయే. ఆ నిర్మాణాన్ని విప్పి చూపినందుకే వెంకట్రామన్ రామకృష్ణన్, స్టైట్జ్, యోనాథ్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. చీటీ, గరిటె ఒకే ఇంటివన్నమాట.

గోదారిగట్టు:
అయ్యో, ఈ సంగతి ముందే తెలిస్తే పద్యం ఇంకోలా నడిచేది. గడప మాత్రం మన కణాలకుంది కదా, ఉండనివ్వండి మేడం.

కొత్తకలం:
మొదటి ప్రయత్నం. టెన్షన్‌గా ఉంది.

మూడు మూడు గాను ముక్కలు చదువుచు
పూస వెంట పూస కూర్చునట్టి
దండ గుచ్చువాడు తానేమి చూచును?
నకలు లేక యసలు నడువదయ్య!

నిర్వాహకుడు:
గణాలన్నీ సరిపోయాయి, భయపడకండి. రెండో పాదంలో యతి తప్పింది. 'పూ'కి 'కూ' కుదరదు, ప్రాసయతీ లేదు. "పూస వెంట పూస పొందుపరచు" అంటే సరి. మూడో పాదంలో ద–తా యతి చెల్లుతుంది.

బయాలజీ టీచర్:
నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. ఆర్ఎన్ఏ నాలుగక్షరాలతో కుదిరే మూడక్షరాల మాటలు 64. వాటిలో 61 అమైనో ఆమ్లాలకు, 3 ఆపమని చెప్పడానికి. 1961లో నీరెన్‌బర్గ్, మాథై 'యు' అక్షరమొక్కటే వరసగా ఉన్న ఆర్ఎన్ఏను ఈ.కోలై అనే బ్యాక్టీరియా కణాల రసంలో కలిపితే ఫినైలలనీన్ అనే అమైనో ఆమ్లం పూసలు మాత్రమే దండగా వచ్చాయి. దండ నకలు చెప్పినట్టే నడుస్తుందని అలా తేలింది. అయితే పూసలు మోసుకొచ్చే టీఆర్ఎన్ఏ ఊసే లేదేం బాబూ?

కొత్తకలం:
నాలుగు పాదాల్లో చోటు చాలలేదండీ. యతి సవరణకు ధన్యవాదాలు.

తిరకాసు:
వైరసింట నసలు వాస్తవమారెనే;
దాని డీయెనేగ దాచిపెట్టి
మన కణాన చేరి మనచేత చేయించు;
నకలు లేక యసలు నడువదయ్య!

నేను అసలుని, నకలుని తారుమారు చేశా.

బయాలజీ టీచర్:
హెచ్ఐవీ అయితే సరిగ్గా ఇంతే. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ రాసే ఎంజైమును టెమిన్, బాల్టిమోర్ 1970లో విడివిడిగా కనిపెట్టారు. కరోనాదీ ఆర్ఎన్ఏయే కానీ, అది పెరగడానికి డీఎన్ఏ నకలు అక్కర్లేదు. ఉత్త 'వైరసింట' అంటే అన్నిటికీ అంటుకుంటుంది.

నిర్వాహకుడు:
వాస్తవము + ఆరెనే (ఆర్ఎన్ఏ), వాస్తవ 'మారెనే' (మారిపోయెనే)! శ్లేష కావాలనే వేశారా?

తిరకాసు:
లేదండీ, దానంతటదే పడింది. వైరసు పేరు మార్చబోతే అది పోయేలా ఉంది, అందుకని పద్యం అలాగే ఉంచేస్తున్నా.