రీల్స్ మానేసి ఆరు వారాలైంది, దేని మీదా ఆసక్తి తిరిగి రాలేదు

నాకు 26 ఏళ్లు. విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. రోజుకు ఐదారు గంటలు రీల్స్ చూసేదాన్ని. ఆరు వారాల క్రితం ఆ యాప్‌లన్నీ తీసేశాను. రాత్రి 10 దాటితే ఫోన్ అమ్మ గదిలోనే. ఉదయం 5:30కి ఆర్‌కే బీచ్‌లో 40 నిమిషాలు నడుస్తున్నాను.

నిద్ర బాగుపడింది. కానీ ఏడింటికి పుస్తకం తెరిస్తే పావుగంటలో మనసు ఖాళీ అయిపోతోంది. స్నేహితులతో బయటికి వెళ్తే బాగానే ఉంటుంది, వెళ్లాలని మాత్రం అనిపించదు. నన్ను భయపెడుతున్నది ఇదే. మెదడులోని డోపమైన్ అనే రసాయనం సుఖం కంటే 'కావాలి' అనే తపనకే ఎక్కువ సంబంధించిందని చదివాను. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే నాడీ శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాల్లో, అలవాటయ్యాక డోపమైన్ కణాలు పళ్లరసానికి కాకుండా, అది రాబోతోందని చెప్పే సంకేతానికే స్పందించాయట. అందుకే వారం రోజుల 'డోపమైన్ డిటాక్స్' (ఫోన్ లాంటి సరదాలన్నీ కొన్నాళ్లు మానేయడం) వీడియోల మీద నాకు నమ్మకం లేదు. అయినా ఒకసారి చేశాను, మార్పేమీ రాలేదు.

థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ నార్మల్. మందులేమీ వాడటం లేదు. చనిపోవాలనే ఆలోచనలు లేవు. ఫ్యామిలీ డాక్టర్ మాత్రం పరీక్షల టెన్షన్ అని పంపించేశారు.

ఇలాంటి స్థితి దాటినవాళ్లు చెప్పండి: నేను ముందు సైకియాట్రిస్ట్‌ని కలవాలా, సైకాలజిస్ట్‌నా?