ఎడారిలో వరసగా నిలబెట్టిన గూడ్స్ ఇంజన్లు మళ్లీ నడుస్తాయా, తుక్కుకేనా?

రైలుపిచ్చి:

అందరికీ నమస్కారం. ఒక సందేహం చాలా రోజులుగా బుర్ర తొలుస్తోంది. 2016లో అమెరికాలో యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ వాళ్లు ఆరిజోనా ఎడారిలో దాదాపు 290 గూడ్స్ ఇంజన్లను వరసగా నిలబెట్టేశారు కదా, ఆ ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. కనుచూపు మేర పసుపు రంగు ఇంజన్లే. బొగ్గు రవాణా పడిపోవడంతో వాటికి పని లేకుండా పోయింది.

నా డౌట్ ఏంటంటే, కారు నెల రోజులు తీయకపోతేనే బ్యాటరీ దిగిపోయి తోసుకోవాల్సి వస్తుంది. మరి వేల హార్స్‌పవర్ ఇంజన్ని ఏళ్ల తరబడి ఎండకీ వానకీ వదిలేస్తే లోపల ఏమవుతుంది? మళ్లీ కావాలంటే తాళం తిప్పి స్టార్ట్ చేసేయడమేనా? ఇంకోటి, కొన్నిటిని 'రీబిల్డ్' చేశారంటారు, కొన్నిటిని కోసేశారంటారు. ఒకే ఏడాది తయారైన రెండు ఇంజన్లలో ఒకటి కొత్త రంగుతో బయటికొస్తే ఇంకోటి గ్యాస్ కట్టర్ కిందకి పోతుంది. ఎవరు ఎలా నిర్ణయిస్తారు?

పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. గూగుల్‌లో అందరూ ఒకరిదొకరు కాపీ కొట్టినట్టు రాశారు.

మీటర్‌గేజ్ మామ:

సింపుల్ తమ్ముడూ. ప్రతి ఇంజన్‌కీ ఒక ఆయుష్షు రాసి ఉంటుంది. మన దగ్గర డీజిల్‌కి 36 ఏళ్లు. సగంలో, అంటే 18 ఏళ్లకి ఒకసారి మొత్తం విప్పి బాగు చేస్తారు. 36 నిండితే కండెమ్, అంటే ఇక పనికిరాదని తీసేస్తారు. మనకి రిటైర్మెంట్ ఉన్నట్టే.

251 మెకానిక్:

మామగారు చెప్పింది కాగితం మీద కరెక్టే. కానీ నేను చూసినంతవరకు వయసైపోయి పోయిన ఇంజన్లు తక్కువ. 1972లో వచ్చిన అమెరికా ఎస్‌డీ40-2 రకం ఇంజన్లు ఇప్పటికీ అక్కడ యార్డుల్లో, చిన్నా చితకా లైన్లలో పని చేస్తూనే ఉన్నాయి. అదే సమయంలో ఇరవై ఏళ్లు కూడా నిండనివి తుక్కుకి పోతున్నాయి. కాబట్టి లెక్క వేరే ఉంది.

నేను డీజిల్ షెడ్డులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఆల్కోల మీద, చివర పదిహేనేళ్లు ఈఎండీల మీద (రెండూ అమెరికా కంపెనీల డిజైన్ డీజిల్ ఇంజన్లే). బాబు అడిగిన మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెడతా.

నిలబెట్టడమంటే హ్యాండ్ బ్రేక్ వేసి ఇంటికి పోవడం కాదు. ముందు నీళ్లు. ఒక ఆల్కోలో కూలింగ్ నీళ్లే దాదాపు 1200 లీటర్లు. ఎక్కువ రోజులు ఆపేటట్టయితే అవన్నీ వదిలెయ్యాలి. ఇక మంచు దేశాల్లో అయితే ఇది ప్రాణం మీది సంగతి. అక్కడి గూడ్స్ ఇంజన్లలో చాలావాటికి కార్లలో పోసినట్టు యాంటీఫ్రీజ్ పొయ్యరు, తుప్పు పట్టకుండా మందు కలిపిన మామూలు నీళ్లే. ఒక్క రాత్రి గడ్డకట్టాయంటే బ్లాకు పగులుతుంది. అందుకే చలి ముదిరితే తనంతట తానే తెరుచుకుని నీళ్లన్నీ కింద పారబోసే వాల్వు పెడతారు. పాతరోజుల్లో చలికాలమంతా ఇంజన్ ఆపకుండా ఊరికే తిప్పుతూ ఉంచడానికి కారణం కూడా ఇదే.

తర్వాత పొగగొట్టం మూత. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వాన నీళ్లు టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే యంత్రం) మీద పడితే ఇక చూడక్కర్లేదు. పక్షులు గూళ్లు పెట్టేదీ అక్కడే. బ్యాటరీలు విడగొట్టాలి, డీజిల్ ఇంజన్ తయారుచేసే కరెంటుతో చక్రాలు తిప్పే మోటార్లుంటాయి, అవి డీసీవైతే బ్రష్షులు (మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) ఎత్తి పెట్టాలి. అప్పుడప్పుడు ఇంజన్ని నాలుగడుగులు ముందుకో వెనక్కో జరపాలి కూడా. ఎందుకంటారా? బేరింగులో రోలర్లు నెలల తరబడి ఒకే చోట కూర్చుంటే ఆ చోటే మచ్చ పడుతుంది. తర్వాత లైన్లోకి వెళ్లాక ఆ మచ్చే వేడెక్కి పేచీ పెడుతుంది.

ఎండ దేశంలో, పొడి గాలిలో నిలబెట్టడానికి కారణం అర్థమైంది కదా? విమానాలనీ అందుకే ఎడారుల్లో పెడతారు. ఎండకి రంగు పోతుంది, రబ్బరు ఎండిపోతుంది. కానీ తుప్పు పెద్దగా రాదు.

ఇక 'తాళం తిప్పి స్టార్ట్' సంగతి. ఒక విషయం చెప్తాను, ఏ షెడ్డో అడగొద్దు.

మా దగ్గర ఒక ఈఎండీ, పదహారు సిలిండర్ల బండి, ఏదో సామాను కోసం మూడు వారాలు వెనక లైన్లో నిలబడింది. 'రేపో మాపో తీస్తారు' అని నీళ్లు వదల్లేదు. ఒక సాయంత్రం హఠాత్తుగా ఆ ఇంజన్ కావాలన్నారు. పద్ధతి ప్రకారం ప్రతి సిలిండర్‌కీ ఉండే టెస్ట్ కాక్ (చిన్న కుళాయి లాంటిది) తెరిచి, ఇంజన్ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. అరగంట పని. పైనుంచి ఒకటే ఫోన్లు, 'అదంతా తర్వాత, ముందు క్రాంక్ చెయ్యండి', అంటే స్టార్టర్‌తో తిప్పెయ్యండి అని. నేను ఒప్పుకోలేదు. ఒక కుర్రాడు బార్ వేసి తిప్పుతున్నాడు, నేను పక్కన టార్చి పట్టుకుని కాక్‌లు చూస్తున్నా. పదో సిలిండర్ దాకా గాలి తప్ప ఏమీ లేదు. పదకొండో దాని దగ్గర బుస్సుమని ఎర్రటి తుప్పు నీళ్లు వచ్చి నా చొక్కా మీద పడ్డాయి. ఒక గ్లాసుడు ఉంటాయేమో. ఇంజన్ చల్లారి సీలు బిగువు తప్పి, నీళ్లు చుక్క చుక్కగా లోపల చేరాయి.

నీళ్లు నలగవు కదా. అలాగే క్రాంక్ చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగేది, ఆపైన క్రాంక్‌కేసు వరకూ పోయినా ఆశ్చర్యం లేదు. ఒక్క పవర్ అసెంబ్లీ, అంటే ఆ సిలిండర్ లైనరు, పిస్టను, హెడ్డు కలిపి ఒక సెట్టుగా మార్చి రెండో రోజుకి పంపించేశాం. ఫోన్ చేసినాయన మళ్లీ మాట్లాడలేదు.

కానీ తుప్పు కంటే పెద్ద శత్రువు ఇంకోటుంది. అది మేమే. నిలబడి ఉన్న ఇంజన్ షెడ్డువాడికి స్టోర్సు లాగా కనిపిస్తుంది. సామాను రావడానికి రెండు నెలలు పడుతుందంటే వెనక లైన్లో ఉన్నదాని నుంచి విప్పి తెస్తాం, 'రాగానే పెట్టేద్దాం' అనుకుంటూ. మొదట ఒక కంప్రెసర్ వాల్వు. తర్వాత బ్యాటరీలు, గవర్నరు (ఇంజన్ వేగాన్ని అదుపు చేసేది), చక్రం తిప్పే ట్రాక్షన్ మోటారు ఒకటి. ఆరు నెలలకి అది డొల్ల. అప్పుడు పై నుంచి ఆఫీసరొచ్చి, దీన్ని బాగు చేయించడానికి ఇంత ఖర్చవుతుంది, వద్దు అని రాస్తాడు. ఆయన రాసింది అబద్ధం కాదు, కానీ దాన్ని ఆ స్థితికి తెచ్చింది వయసు కాదు. ఒకే ఏడాది పుట్టిన రెండింటిలో ఒకటి ఎందుకు బతికిందని అడిగారు చూడండి, చాలాసార్లు జవాబు ఇదే: ఒకటి పార్టులిచ్చింది, ఇంకోటి పుచ్చుకుంది.

రైలుపిచ్చి:

సార్, మీ పదకొండో సిలిండర్ కథ రెండుసార్లు చదివాను! మరి రీబిల్డ్ అంటే? ఇంజన్ మార్చేసి రంగు వెయ్యడమేనా?

ఏసీడీసీ:

ఎలక్ట్రికల్ వైపు నుంచి నేను చెప్తాను. రీబిల్డ్‌లో ఖాయంగా మిగిలేవి ఫ్రేము, బోగీలు. (బోగీ అంటే మనం జనరల్‌గా పెట్టెని అంటాం గానీ ఇక్కడ చక్రాలు, స్ప్రింగులు, మోటార్లు ఉండే కింది బండి.) ఇంజన్ బ్లాకుని కూడా కొలిచి, పగుళ్లు లేకపోతే కొత్త లైనర్లతో మళ్లీ వాడతారు. పూర్తిగా పీకి పారేసేది వైరింగే. పాత వైరు మీది ఇన్సులేషన్ బిస్కెట్‌లా అయిపోతుంది, వంచితే రాలిపోతుంది. ఎక్కడ ఎర్త్ అవుతోందో వెతకడానికి పట్టే టైములో కొత్త వైరు లాగెయ్యొచ్చు.

పెద్ద మార్పు డీసీ నుంచి ఏసీకి మార్చడం. అమెరికాలో నార్ఫోక్ సదరన్ అనే రైల్వే కంపెనీ వాళ్లు 1996 నుంచి 2004 వరకు వెయ్యికి పైగా డాష్-9 ఇంజన్లు కొన్నారు, అన్నీ డీసీ మోటార్లవే. వాటిలో చాలావాటికి తర్వాత ఏసీ మోటార్లు, కొత్త కంట్రోల్ పెట్టి ఏసీ44సీ6ఎమ్ అని కొత్త పేరిచ్చారు. ఏసీ మోటారులో బ్రష్షులుండవు, చక్రం జారడాన్ని బాగా అదుపు చేస్తుంది, కాబట్టి అదే బరువుకి ఎక్కువ లాగుతుంది. యూనియన్ పసిఫిక్ కూడా 2022లో 600 పాత ఇంజన్లని తిరగగట్టమని ఇంజన్లు కట్టే వాబ్‌టెక్ కంపెనీకి ఆర్డరిచ్చింది, వంద కోట్ల డాలర్లకు పైనే.

కొత్తది కొనొచ్చు కదా అంటే, అమెరికాలో 2015 నుంచి కొత్త ఇంజన్ అంటే టియర్-4 పొగ నిబంధన పాటించాలి. పాతదాన్ని తిరగగట్టిస్తే దాని కాలానికి తగ్గ, కాస్త బిగించిన నిబంధన చాలు. ఖర్చు తక్కువ, షెడ్డువాళ్లకి తెలిసిన మెషిను. ఇదీ అసలు కథ.

బ్రిటన్‌లో అయితే గుండెనే మార్చేశారు. పాత క్లాస్ 47 అనే రకం డీజిల్ ఒంట్లో అమెరికా ఈఎండీ ఇంజన్ పెట్టి క్లాస్ 57 అన్నారు. ఆ తర్వాత క్లాస్ 56లని అలాగే క్లాస్ 69లు చేశారు.

మీటర్‌గేజ్ మామ:

అయితే నా 36 ఏళ్ల లెక్క గోదాట్లో కలిసిపోయినట్టే 😄. మరి యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ 4014? స్టీమ్ గూడ్స్ ఇంజనే కదా. 1961లో ఆపేశారు, యాభై ఏళ్లకు పైగా మ్యూజియంలో నిలబడింది, 2013లో వెనక్కి తీసుకుని 2019లో నడిపేశారు!

251 మెకానిక్:

మామగారూ, బిగ్ బాయ్‌ని నడిపింది లెక్కల కోసం కాదు, మురిపెం కోసం. అది నిలబడింది కూడా కాలిఫోర్నియా ఎండలో, ఎవరూ పార్టులు పీక్కుపోని చోట. నా మాటకి అదే సాక్ష్యం అనుకోండి. అన్నట్టు దాన్ని కట్టింది ఆల్కోనే. నేను సగం ఉద్యోగం చేసిన ఇంజన్లకీ డిజైను వాళ్లదే. ఆ కంపెనీ 1969లోనే ఇంజన్లు కట్టడం మానేసింది, వారణాసిలో మాత్రం ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఆల్కో డిజైన్ ఇంజన్లు తయారవుతూనే ఉన్నాయి.

ఏసీడీసీ గారు చెప్పనిది ఒకటి కలుపుతా. రీబిల్డ్ అంటే ఎప్పుడూ పైకి పోవడమే కాదు. అమెరికాలో 'స్లగ్' అని ఒక రకం ఉంది. ఇంజన్ చెడిపోయినదాని నుంచి ఇంజన్, జనరేటరు తీసేసి, ఆ ఖాళీలో బరువు కోసం కాంక్రీటో ఇనుమో నింపుతారు. మోటార్లు మాత్రం ఉంచుతారు. పక్కన మంచి ఇంజన్ తగిలించి దాని కరెంటుతో వీటిని తిప్పుతారు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఒక ఇంజన్ కరెంటుని నాలుగో ఆరో మోటార్లు పూర్తిగా వాడుకోలేవు, చక్రాలు జారిపోతాయి. అదే కరెంటు రెట్టింపు చక్రాలకి పంచితే యార్డులో కొండని లాగుతుంది. గుండె తీసేసి సిమెంటు పోస్తే కూడా ఉద్యోగం చేస్తోందన్నమాట. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

మన దగ్గర ఇప్పుడు డీజిళ్లు ఆగిపోవడానికి కారణం పైనున్న వైరు. లైన్లన్నీ కరెంటు అయిపోతుంటే బాగా నడిచే డీజిల్ కూడా పని లేక షెడ్డు వెనక చేరుతుంది. డబ్ల్యూడీజీ-3ఏ అనే గూడ్స్ డీజిళ్లు రెండింటిని కలిపి పది వేల హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ జంటగా మార్చి 2019లో వారణాసిలో జెండా ఊపారు. కొన్ని డీజిళ్లు బంగ్లాదేశ్‌కి వెళ్లాయి, 2020లో పది, 2023లో ఇరవై. అలా వెళ్లినవి అదృష్టవంతులు.

కోసేది నేను ఒక్కసారే పూర్తిగా చూశాను, మళ్లీ చూడాలనిపించలేదు. ముందు ఆయిలు, డీజిలు, ఇసుక పెట్టెలో ఇసుక కూడా దులిపేస్తారు. తర్వాత మోటార్లు దింపుతారు, ఎందుకంటే రాగి అందులోనే ఉంది. ఇంజన్ బాగుంటే మొత్తం ఎత్తి పక్కన పెడతారు. మిగిలిన ఫ్రేము దగ్గరే కట్టర్‌కి అసలు పని, అంత మందం ప్లేటు. మా షెడ్డులో ఆ ఇంజన్ క్యాబులో కుడి పక్క తలుపు ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు, మోకాలితో తన్ని వెయ్యాలి. కోసేవాడికి అది తెలీదు పాపం, చాలాసేపు చేత్తో కుస్తీ పడుతున్నాడు. వెళ్లి తన్ని వేసి వచ్చాను.

రైలుపిచ్చి:

సార్, ఆఖరి ప్రశ్న. పోయిన నెల రైల్లో వెళ్తూ ఒక యార్డులో ఆగి ఉన్న గూడ్స్ డీజిళ్లని కిటికీలోంచి తీశాను. అయిదున్నాయి. చూసి ఏది మళ్లీ నడుస్తుందో చెప్పడం కుదురుతుందా?

251 మెకానిక్:

చాలావరకు కుదురుతుంది. పొగగొట్టానికి రేకో టార్పాలినో కట్టి ఉందా? పక్క తలుపులన్నీ మూసి ఉన్నాయా? హారన్లు ఉన్నాయా? హారన్ విప్పడం అయిదు నిమిషాల పని, అందుకే అందరికంటే ముందు అదే పోతుంది. కింద మోటార్లకి వెళ్లే లావు కేబుళ్లు వేలాడుతున్నాయేమో కూడా చూడండి.

రైలుపిచ్చి:

మొదటి మూడిటికీ టార్పాలిన్ ఉంది. నాలుగోదానికి లేదు గానీ తలుపులు మూసే ఉన్నాయి, హారన్లు ఉన్నాయి. అయిదోదానికి హారన్లు లేవు, రెండు తలుపులు తెరిచి ఉన్నాయి, లోపలి నుంచి ఒక కుక్క తల బయటపెట్టి చూస్తోంది.

251 మెకానిక్:

నాలుగోదానికి ఎవరైనా వెంటనే మూత కడితే బాగుండు. అయిదోది కుక్కదే.