పాత ఆటోకాకర్ బాడీ: మిల్లింగ్ ఎవరిదో, రేటు ఎంతో ఎట్టా తేల్చాలి?

కావలి_గాలి
మూతపడిన రిసార్టు సామాన్లలో పెయింట్‌బాల్ మార్కర్ల (గాలి ఒత్తిడితో రంగు గుళ్లు పేల్చే ఆట తుపాకుల) విడిభాగాల పెట్టె ఒకటి వచ్చింది. చూస్తే ఆటోకాకర్ అనే పాత మోడల్‌వి అనిపిస్తుండాయి. అల్యూమినియం బాడీలు రెండు (ఒకే దిమ్మెలో పైనొక గొట్టం, కిందొక గొట్టం), నాలుగు బ్యారెళ్లు, ట్రిగ్గర్ ఫ్రేము, చిన్న చిన్న ఇత్తడి ఫిట్టింగులు, ఒక కార్బన్ ఫైబర్ సిలిండరు. ఒక బాడీ మామూలు నలుపు. రెండోదానికి పక్కల లోతుగా వంపు గాడులు తీసి, ఊదా నుంచి నలుపుకి దిగే రంగు వేసుండారు. పేరూ ముద్రా ఏం లేవు. కంపెనీ పనా, ఎవరన్నా విడిగా చేయించిందా? ఏ లెక్కన అమ్మాలి? ఆటోనగర్‌లో పాలిష్ పట్టించి ఫొటోలు తీద్దామనుకుంటున్నా.

ఒంగోలు_వెర్నియర్
పాలిష్ వద్దు తమ్ముడూ. ఆ రంగు పెయింటు కాదు, యానడైజింగ్ (అల్యూమినియం మీదే కరెంటుతో పుట్టించే రంగు పొర). మందం మైక్రాన్లలో ఉంటుంది, బఫ్ చక్రానికి ఆనిస్తే నిమిషంలో లేచిపోతుంది. కాస్టిక్ సోడా అయితే ఇంకా ఘోరం, పొర మొత్తాన్నీ తినేస్తుంది. అరిగినా సరే పాత రంగుకే విలువ. గోరువెచ్చని సబ్బు నీళ్లు, పాత టూత్ బ్రష్ చాలు. ఓ-రింగులున్న భాగాల్ని కిరోసిన్‌లో నానెయ్యొద్దు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది.

ముందు అది ఆటోకాకరేనా అన్నది తేల్చుకో. రెండు గొట్టాలున్నంత మాత్రాన కాదు, స్పైడర్ అనే ఇంకో మోడల్‌కీ రెండే. కాకర్‌లో పై గొట్టంలో బోల్టు (గుండుని బ్యారెల్‌లోకి తోసే కడ్డీ), కింద హ్యామర్, అది కొడితే గాలి వదిలే వాల్వు. ముందు ఫ్రంట్ బ్లాకు, దానికి రామ్ (గాలితో ముందుకీ వెనక్కీ కదిలే చిన్న పిస్టను), త్రీ-వే (ఆ గాలిని అటూ ఇటూ మళ్లించే వాల్వు), గాలి ఒత్తిడి తగ్గించే చిన్న రెగ్యులేటరు (ఎల్‌పీఆర్). రామ్ నుంచి వెనక బోల్టుని లాగే బ్యాక్ బ్లాకు దాకా పోయే కడ్డీకి దారి ఉంటుంది. స్పైడర్‌లో ఈ ముందు సరంజామా ఉండదు. బ్యారెల్‌కి అసలు త్రెడ్డే లేకుండా తోసి తిప్పితే పట్టుకునే రకమైతే అది ఆటోమాగ్ అనే వేరే మోడల్‌ది, పక్కన పెట్టు.

తర్వాత కొలతలు. పిచ్ గేజ్ (త్రెడ్ చుట్ల మధ్య దూరం, అంటే పిచ్, చూసే పనిముట్టు) లేకుండా ఏదీ బిగించి చూడొద్దు.

కాకర్ బ్యారెల్ త్రెడ్ 15/16-20 (15/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు). అంటే మగ త్రెడ్ బయటి వ్యాసం 23.8 మి.మీ., పిచ్ 1.27. సిలిండరు ఎక్కే అడాప్టర్ (ఏఎస్ఏ) 0.825-14, దాదాపు 21 మి.మీ. గ్యాస్ ఫిట్టింగులు 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు త్రెడ్). సన్న గొట్టం తొడిగే బార్బులు 10-32.

మన దగ్గర దెబ్బ పడేది ఈ చివరి రెండింటి దగ్గరే. న్యూమాటిక్ (గాలి పరికరాల) షాపులో ఎక్కువగా దొరికేది బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు త్రెడ్), ఎం5 (5 మి.మీ. మెట్రిక్ త్రెడ్). ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, 60 డిగ్రీలు. బీఎస్‌పీకి 28 చుట్లు, 55 డిగ్రీలు. 10-32 వ్యాసం 4.83, పిచ్ 0.79, ఎం5 వ్యాసం 5.0, పిచ్ 0.8. చూట్టానికి ఒకటే. కొంచెం ఎక్కుతుంది, బలవంతంగా బిగిస్తే అల్యూమినియం త్రెడ్ చిరిగిపోవచ్చు.

చీమకుర్తి_6061
మిల్లింగ్ సంగతి నేను చెప్తా. టార్చి పక్కవాటుగా వేసి గాడి అడుగు చూడండి. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మెషీన్) పనైతే కట్టర్ గీతలు సమాన దూరంలో, రెండు పక్కలా ఒకే దిక్కులో ఉంటాయి. చేతి మిల్లింగ్ అయితే ఒక చోట దట్టంగా, ఒక చోట పల్చగా. లోపలి మూలలన్నీ ఒకే వ్యాసార్ధంలో తిరిగాయా చూడండి. డెప్త్ గేజ్‌తో ఎడమ గాడి, కుడి గాడి మూడేసి చోట్ల కొలవండి. మంచి షాపు పనిలో తేడా దాదాపు కనపడదు.

రంగు ఏ దశలో వేశారన్నది ఇంకో ఆధారం. ఖాళీ బాడీ తెచ్చి, మిల్లింగ్ చేసి, ఆ తర్వాతే రంగు వేస్తే గాడి అడుగునా త్రెడ్‌లోనా అంచులకీ పొర ఒకేలా ఉంటుంది. రంగున్న బాడీని తర్వాత చెక్కి, పాత పొర తీసేసి మళ్లీ వేయించితే లోపలి గొట్టాల్లో కూడా కొంచెం లోహం పోతుంది. బోల్టు వదులవుతుంది, ఓ-రింగ్ దగ్గర గాలి తప్పుతుంది. పరీక్ష తేలికే: బోల్టు పొడిగా పెట్టి బాడీని వంచితే తన బరువుకి జారాలి, పక్కలకి మాత్రం ఊగకూడదు.

ఇక గాడి లోతు. బ్యారెల్ త్రెడ్ మీదా, వాల్వు గది మీదా గోడ పల్చబడితే అందం ఎంతున్నా అది షోకేసు సరుకే. లోపలి నుంచి టార్చి వేసి వేలితో తడమండి, ఉబ్బు తగిలితే పక్కన పెట్టేయండి.

ముద్ర లేకపోతే పేరు అంటగట్టొద్దు. కాకర్ తయారుచేసింది బడ్ ఓర్ పెట్టిన వోర్ గేమ్ ప్రొడక్ట్స్. అమెరికాలో షాక్‌టెక్, బ్రిటన్‌లో బెల్‌సేల్స్, ప్లానెట్ ఎక్లిప్స్ లాంటి వాళ్లు వాటిని తమ మిల్లింగ్‌తో అమ్మారు. వాళ్ల డిజైన్లు చూసి గీసినవాళ్లూ ఉన్నారు. వంపు కలిసినంత మాత్రాన "షాక్‌టెక్" అని రాస్తే, తెలిసినవాడు మొదటి ఫొటోకే పట్టేస్తాడు. "మిల్లింగ్ ఎవరిదో తెలియదు, కొలతలు ఇవి" అని రాస్తే నమ్ముతాడు.

నెల్లూరు_ఓరింగ్
రేటు దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు. అమ్మకానికి పెట్టిన రేటు చూడొద్దు, అమ్ముడుపోయిన రేట్లు చూడు. అదే తరం బాడీ, అదే ఫీడ్ (గుళ్లు లోపలికి దిగే గొట్టం పక్కకా, నిటారా) ఉన్నవి నాలుగైదు తీసుకుని మధ్యలోది పట్టుకో. అందులోంచి లేని భాగాల ఖర్చు తీసెయ్యి. ఖాళీ బాడీకీ రామ్, త్రీ-వే, ఎల్‌పీఆర్, బ్యాక్ బ్లాకు ఉన్నదానికీ చాలా తేడా. ఒక్కోసారి ముందు సరంజామాకే బాడీ కంటే ఎక్కువ పలుకుతుంది.

మిల్లింగ్ ఉంటే రేటు పెరుగుతుందన్నది సగం నిజమే. పేరున్న షాపు పని అయి, రంగు కలిసిన ఫ్రేము, బ్లాకు కూడా ఉంటే పెరుగుతుంది. ఎవరిదో తెలియని మిల్లింగ్ కంటే చెక్కుచెదరని పాత నల్ల బాడీకే ఒక్కోసారి గిరాకీ.

బ్యారెళ్లకి వెనక కొస దగ్గర లోపలి వ్యాసం కొలిచి రాయి. 17.3 నుంచి 17.6 మి.మీ. మధ్య ఉంటాయి. కొనేవాడికి కావాల్సింది ఆ అంకె.

సిలిండరుకి రేటు కట్టొద్దు, గాలి ఎక్కించొద్దు. వాటికి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) గడువు ఉంటుంది, కార్బన్ ఫైబర్‌కి ఆయుష్షు కూడా మామూలుగా 15 ఏళ్లే. మన దేశంలో నింపాలంటే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉండాలి. టైర్ల షాపు కంప్రెసర్‌తో మార్కర్‌ని పరీక్షిద్దామన్న ఆలోచనా వద్దు. కాకర్ వాల్వుకి మామూలుగా 300 పీఎస్ఐ పైన కావాలి, ఆ గాలికి పని చేయకపోయినంత మాత్రాన పాడైందని కాదు.

కావలి_గాలి
కొలిచా అన్నా. రెండు బాడీల్లోనూ బ్యారెల్ త్రెడ్ పిచ్ 1.27, ఫ్రంట్ బ్లాకులూ ఉండాయి. ఊదా దానికి ఎడమ గాడి కుడి దానికంటే 0.4 మి.మీ. లోతు. బోల్టు కొంచెం ఊగుతోంది. దాని ఎల్‌పీఆర్‌లో ఒక బార్బు వంకరగా ఇరుక్కుని ఉంది.

ఒంగోలు_వెర్నియర్
అది ఎం5 అయ్యుంటుంది. ప్లయర్‌తో పీకొద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకి, అట్టా ఆడిస్తూ తియ్యి. త్రెడ్ పోయుంటే 10-32 హెలికాయిల్ (పాడైన త్రెడ్‌లో బిగించే తీగ చుట్ట) వేయించొచ్చు, లేకపోతే ఎల్‌పీఆరే మార్చాలి. అమ్మేటప్పుడు ఆ సంగతి దాచొద్దు.

చీమకుర్తి_6061
0.4 తేడా, ఊగే బోల్టు, రెండూ కలిపి చూస్తే అది తర్వాత చెక్కి మళ్లీ రంగేసిన బాడీ. ఊదా దాన్ని ఫ్రేముతో కలిపి, మిల్లింగ్ తెలియదని రాసి అమ్మండి. నల్ల బాడీని మాత్రం విడిగా పెట్టండి. దాని సీరియల్ నంబరు స్పష్టంగా ఉంటే ఆ ఫొటోనే ముందు పెట్టండి.

నెల్లూరు_ఓరింగ్
ఊదా దాని ఫ్రంట్ బ్లాకు రంగు బాడీతో కలిస్తే దాన్ని విడదీయొద్దు. కలవకపోతే మాత్రం విడిగా అమ్ము.